ఎనిమిదింపావు నుంచి తొమ్మిది దాకా జబ్బు

నాలుగోసారి వాంతి అయ్యాక జబేదా బాత్రూం గచ్చు మీద చతికిలబడి, ఫోను తీసి, బకెట్టులో ఉన్నదానికి ఫోటో తీసింది.

చదివేవాళ్ళకు కడుపులో దేవితే దేవనివ్వండి. తీసిన మనిషికీ దేవింది. కాని ఆమె ఆయాగా పనిచేసే, మలేషియాలో తైపింగ్ ఊళ్ళోని శ్రీ కెనంగా వృద్ధుల హోములో రూలు అలా ఏడిసింది. జ్వరమైతే థర్మామీటరు ఫోటో, దెబ్బైతే దెబ్బ ఫోటో, వాంతులైతే వాంతి ఫోటో. పొద్దున ఆరింటిలోపు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కింద ‘అందరికీ ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి’ అని రాయాలి. ఆ పైన తన బదులు డ్యూటీ చేసే మనిషిని తనే వెతికి పెట్టాలి. ఇవన్నీ చేసే ఓపికే ఉంటే ఆ మనిషికి జబ్బు ఏమిటని రూలు పెట్టినవాళ్ళకు తోచలేదు. తోచే ఊరుకున్నారని నా అనుమానం.

పదమూడు మంది ఉన్న గ్రూపులోకి ఫోటో వెళ్ళింది. వంటామె ముక్కు మూసుకున్న బొమ్మ పెట్టింది. వ్యాను డ్రైవరు, "పొద్దున్నే నా టిఫిన్ మానిపించావు కదమ్మా తల్లీ" అని రాశాడు. ఇంకొకరెవరో నవ్వుతూ దొర్లుతున్న బొమ్మలు మూడు పెట్టారు. ఎలా ఉన్నావని మాత్రం ఎవరూ అడగలేదు.

తర్వాత గ్రూపులో పువాన్ సల్బియా వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆవిడ హోముకు మేనేజరు. పెద్దాసుపత్రిలో ముప్పయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆయాలందరూ అమ్మగారూ అన్నట్టు పువాన్, పువాన్ అంటూ ఒంగి ఒంగి మాట్లాడతారు. ఫోటో చూసి రోగం పేరు చెప్పగలిగినంత చదువుంది ఆవిడకు.

"రంగు మామూలుగానే ఉందే. రాత్రి నూడిల్స్ మెక్కి ఉంటావు, అరిగుండదు. అల్లం టీ తాగి బయల్దేరు. ఇవాళ ఇన్‌స్పెక్షన్ అని తెలుసుగా? ఇంతమంది ముసలాళ్ళకు ఇంతమంది ఆయాలని లెక్కపెడతారు. ఒక్క తల తగ్గినా లైసెన్సుకు ఎసరే. నీ తల ఇక్కడ ఉండాలి. మిగతా ఒళ్ళు ఎట్లా ఉంటే నాకేం?"

జబేదా ఫోను చేసింది. "పువాన్, కింద నుంచి కూడా నీళ్ళలా పోతోంది. మూడో గది తాతగారికి వచ్చిందే నాకూ వచ్చింది."

"తాతకు పడని తిండి పడింది. నీకెట్లా అంటుకుంటుంది అది?"

"సోమవారం ఆయన్ని కడిగింది నేనే కదా పువాన్."

"అయితే ఏం? అందరం కడిగినవాళ్ళమే. డాక్టరు సెలవు చీటీ, అదే ఎమ్‌సీ, తెచ్చుకో, చూద్దాం. మన క్లినిక్‌దే తేవాలి. వేరేచోటి చీటీ తెస్తే చించి నీ చేతిలో పెడతాను."

సోమవారం సంగతి చెప్పాలి. ఆ రోజు మూడో గదిలో వహాబ్ తాత పక్కంతా పాడుచేసుకున్నాడు. గ్లోవ్స్ మనిషికి రోజుకు రెండు జతలే ఇస్తారు, అవి అప్పటికే అయిపోయాయి. జబేదా బ్రెడ్డు కవర్లు రెండు చేతులకు తొడుక్కుని కడిగింది. సగంలో ఒక కవరు చిరిగింది. వెచ్చగా, జిగటగా వేళ్ళ సందుల్లోకి దిగింది. ఆ రోజు ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా వాసన పోలేదు. మంగళవారానికి ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు మంచమెక్కారు. వాళ్ళ బంధువులకు పువాన్ ఫోనులో, "వానలు కదండీ, వాతావరణం" అని చెప్పడం జబేదా చెవులారా విన్నది. తైపింగ్‌లో ఏడాదంతా వానలే. ఆ లెక్కన అక్కడ ఎవరు చచ్చినా వాతావరణమే చంపిందనుకోవాలి.

ఇది అంటుకునే రోగమని జబేదాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండేళ్ళ కిందట ఇలాగే ఒకరి నుంచి ఒకరికి పాకి, వారం తిరక్కుండా వెనక హాలులో ముగ్గురు పోయారు. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేని మనుషులు రెండు రోజుల విరోచనాలకే ఎండిపోయారు. వాళ్ళ దవడలకు గుడ్డ కట్టింది తనే.

ఇప్పుడు ఆమె భయమంతా చైనా అవ్వ పొపో లియోంగ్ గురించే. పొపోకు ఎనభై ఏడేళ్ళు, ముప్పై నాలుగు కిలోలు. అడ్డమైన తిట్లూ తిడుతుంది, కాని అన్నం జబేదా పెడితేనే తింటుంది. ఇంకెవరు చెంచా పట్టినా పళ్ళు లేని నోరు గట్టిగా బిగించేస్తుంది. ఈ రోజు తను వెళితే ఈ చెయ్యే ఆ నోటి దగ్గరికి వెళ్తుంది. వెళ్ళకూడదు. అంతే, ఆ ఒక్క రోజు ఆమె కోరుకున్నది అంతే. ఇంట్లో పడి ఉండాలి.

బదులు మనిషి కోసం పదకొండు మందికి ఫోన్లు చేసింది, మధ్యలో రెండుసార్లు బాత్రూంకు పరిగెత్తుతూ. ఒకామె ఎత్తలేదు. ఒకామె ఎత్తి, ఎవరో తెలియగానే పెట్టేసింది. చివరికి లెచ్చుమికి చేసింది. లెచ్చుమి వెనక హాలు ఆయా, రబ్బరు తోటలో పుట్టి పెరిగిన తమిళ పిల్ల, నోరు పెద్దది.

"అక్కా, నిన్న పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కినదాన్ని, రాత్రి పదకొండింటికి దిగాను. కాళ్ళు బండల్లా ఉన్నాయి. ఇప్పుడు మళ్ళీ వస్తే నన్నే చక్రాల కుర్చీలో తోసుకు తిరగాలి మీరంతా."

"సరేలే, పడుకో."

"నువ్వూ పడుకో. వెళ్ళకు. ఏం చేస్తుంది ఆవిడ, కొరుకుతుందా?"

"రెండు ఉత్తరాలు ఇచ్చేసిందే. మూడోది ఇచ్చిందంటే ఉద్యోగం ఊడినట్టే."

మొదటి హెచ్చరిక ఉత్తరం ప్రభుత్వ క్లినిక్ చీటీ తెచ్చినందుకు. రెండోది ఆరు దాటాక ఐదు నిమిషాలకు ఫోన్ చేసినందుకు. ఇంట్లో బళ్ళో చదివే ఆడపిల్లలు ఇద్దరు, అద్దె ఇల్లు. మొగుడు ఎక్కడో దూరాన జొహోర్‌లో పని చేస్తూ మూడు నెలలకొకసారి ముఖం చూపించి పోతాడు. ఇక చేసేదేముంది, వానకోటు వేసుకుని మోటారుసైకిలు తీసింది. దారిలో రెండుచోట్ల ఆపి మురిక్కాలువలోకి ఒంగింది.

క్లినిక్‌లో పేరు రాయించుకునేసరికి ఎనిమిదింపావు. డాక్టరు ఆమె ముఖం చూడకుండానే, "శ్రీ కెనంగా కదూ? ఇప్పుడే ఫోను వచ్చింది మీ మేనేజరు దగ్గర్నుంచి" అన్నాడు. రోగి కంటే ముందు రోగం గురించి మేనేజరు చెప్పేసింది. ఇంక ఆయనకు పరీక్షించే శ్రమ దేనికి?

"ఎన్నిసార్లు అయ్యాయి?"

"వాంతులు ఆరు, విరోచనాలు లెక్కపెట్టలేదు డాక్టర్. నాకు ఎమ్‌సీ కావాలి. ఒక్క రోజుకైనా ఇవ్వండి."

"మీ హోము నుంచి ఈ నెల ముగ్గురికి ఇచ్చాను. వాళ్ళకు నేనేం చెప్పుకోవాలి? మాత్రలు రాస్తాను, ఇక్కడే వేసుకో. తగ్గిపోతుంది."

"నేను ముసలాళ్ళ నోట్లో ముద్ద పెట్టే పని చేస్తాను డాక్టర్."

"మాస్క్ పెట్టుకో."

"ముద్ద ముక్కుతో పెట్టనండి, చేత్తో పెడతాను."

"చూడమ్మా, బయట పదిహేను మంది కూర్చున్నారు."

ఆయన ఆ మాట అంటుండగానే ఆమెకు మళ్ళీ పొంగుకొచ్చింది. గదిలో ఉన్న చెత్తబుట్టలోకి వంగింది. డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, గుమ్మం వైపు చూసి, "ఎవరక్కడ, డెట్టాల్ తీసుకురండి" అని కేక వేశాడు. ఆ తర్వాత చేతులకు మందు రాసుకుని, చిన్న కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టి, బల్ల మీద ఆమె వైపు వేలి కొసతో నెట్టాడు.

అది ఎమ్‌సీ కాదు, టైమ్ స్లిప్. జబేదా ఎనిమిదింపావు నుంచి తొమ్మిది దాకా ఈ క్లినిక్‌లో ఉన్నదని, అంతే. అంటే ఆమె ఆ ముప్పావుగంట జబ్బు మనిషి. తొమ్మిది దాటిందా, ఆరోగ్యవంతురాలు. ఆ దేశంలో పనిపాటలు చేసుకునేవాళ్ళ బుర్రల్లో ఒకటి నాటుకుపోయింది: ఎమ్‌సీ చేతిలో ఉంటే ఇల్లు, టైమ్ స్లిప్ చేతిలో ఉంటే పని. ముద్ర ఉన్న కాగితం చెప్పాక కడుపు చెప్పేదానికి విలువ ఉండదు. ఎదురుగా రోడ్డు దాటితే ప్రభుత్వ క్లినిక్ ఉంది. జబేదా బండి తీస్తూ దాని బోర్డు చూసింది కూడా. కాని చీటీ అప్పటికే రాసేశారు కదా అనుకుని, బండి హోము వైపు తిప్పింది.

హోము ఆ రోజు పెళ్ళివారిల్లులా ఉంది. కిటికీలకు కొత్త తెరలు, చేతులు కడుక్కునే చోట నిండు సబ్బు సీసాలు, గోడకు గ్లోవ్స్ పెట్టెలు వరసగా నాలుగు. నాలుగేళ్ళలో జబేదా అన్ని గ్లోవ్స్ ఒక్కచోట చూడలేదు. ఆ పెట్టెల్లో ఒక్కటి సోమవారం ఉండి ఉంటే ఇంత పెంట ఉండేది కాదు.

పువాన్ ఆమెను చూసి ముందు గడియారం చూసింది. తర్వాత ముఖం చూసి, "చీ, ఏమిటా పెదాలు, శవంలా" అంది. తన బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి, జబేదా గడ్డం పట్టుకుని, తనే పూసింది. మెడకు కర్పూరతైలం రుద్దింది. అంత దగ్గరగా నిలబడి, ఆ వాంతి వాసన పీలుస్తూ కూడా ఆవిడ ముఖం ఇంతైనా చిట్లించలేదు. ముప్పయ్యేళ్ళ నర్సు అలవాటు మరి.

"పువాన్, నన్ను బట్టలుతికే దగ్గర వేయండి. పొపోకు ఇంకెవరినైనా పెట్టమనండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇంకెవరు పెడితే తింటుంది ఆ ముసల్ది? ఆఫీసర్ల ముందు పళ్ళెం విసిరి చైనా భాషలో బూతులు లంకించుకుంటే నువ్వు వచ్చి సమాధానం చెప్తావా?"

"నాకు ఆగడం లేదు పువాన్. ఎక్కడైనా అయిపోతుందేమోనని..."

పువాన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "స్టోరులో డైపర్లున్నాయి కదా. ఒకటి వేసుకో."

జబేదా సరిగ్గా వినలేదేమో అనుకుని అలాగే చూసింది. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి విసుగ్గా, సైజు కూడా చెప్పింది. నలభై ఒక్కేళ్ళ ఆడమనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, స్టోరు గదిలో తలుపు వేసుకుని, ముసలివాళ్ళకు వేసే డైపరు తొడుక్కుని, పైన యూనిఫాం లాక్కుని, ఎర్ర పెదాలతో బయటికి వచ్చింది. ఇలాంటి మాట నోటితో అనగలిగినవాళ్ళు కూడా మధ్యాహ్నం హాయిగా అన్నం తింటారు. ఆవిడ తినడం నిజం. ఆ రోజు కోడికూర వండించింది.

పొపో కిటికీ పక్క మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. జబేదా నెత్తళ్ళ చేపల గంజి పట్టుకెళ్ళి నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"ఏం పిల్లా, మూతికి ఆ రంగేంటి? మొగుడొచ్చాడా?" అంది పొపో. పొపో మాట్లాడే మలయ్ సంతలో కూరలమ్మే మలయ్.

"లేదు పొపో. ఒంట్లో బాలేదు."

"తెలుస్తోందిలే, కుళ్ళిన చేపలా కంపు కొడుతున్నావు. దగ్గరికి రా, గంజి చల్లారిపోతోంది. ఎట్లాగూ మాంసం ఉండదు, వేడైనా ఉండనీ."

"ఇవాళ ఇంకొకరి చేత తినండి పొపో. నా మాట వినండి. నాది అంటుకునే జబ్బు."

"ఇంకొకరా? వాళ్ళు గంజి నా మెడలో పోస్తారు. నాకు అంటుకునేదేముందే, ఇంకా మిగిలుందా ఏమన్నా?" అని నోరు తెరిచింది. ఆ బోసినోరు, పిట్టపిల్ల నోరులా, చెంచా కోసం తెరుచుకుని ఉండిపోయింది.

జబేదా వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. రెండు జతల గ్లోవ్స్ ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది. వచ్చి మొదటి చెంచా పెట్టింది. మూడో చెంచా దగ్గర పేగులు మెలితిరిగాయి, డైపరు వెచ్చబడింది. మంచం కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ పట్టుకున్న చేత్తోనే మళ్ళీ పొపో గడ్డం తుడిచింది. లోపల నుంచి ఏడుపొచ్చింది, ఏడవలేదు. అప్పుడే పువాన్ ఇద్దరు ఆఫీసర్లను వెంటబెట్టుకుని గదిలోకి వచ్చింది.

ఆఫీసరమ్మ చిన్నది, ముప్పై ఉంటాయి. చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. మర్యాదగానే అడిగింది. "అక్కా, ఇక్కడ జబ్బు చేస్తే సెలవు ఇస్తారా? జీతం కోయకుండా?"

పువాన్ ఆఫీసరమ్మ వెనక నిలబడి కిటికీ తెర సర్దుతోంది. ఉరిమి కూడా చూడలేదు. ఆ అవసరం ఆవిడకు లేదు. జబేదాకు మూడో ఉత్తరం కళ్ళ ముందు ఆడింది. బడి ఫీజులు ఆడాయి.

"ఇస్తారండి," అంది, ఎర్రటి నోటితో.

"చీటీ ఏ డాక్టరుదైనా ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటారండి."

ఆఫీసరమ్మ రెండుచోట్ల టిక్కు పెట్టుకుంది. పొపో గంజి నములుతూ జబేదా కేసి చూసి, తన భాషలో ఒక మాట అంది. ఆఫీసరమ్మకు అర్థంకాక, అవ్వ ఏదో దీవించిందనుకుని నవ్వి తలూపింది. నాలుగేళ్ళుగా పొపో తిట్లు తింటున్న జబేదాకు మాత్రం అర్థమైంది. అబద్ధాలకోరు అంది.

జబేదాకు శుక్రవారానికి తగ్గింది. శుక్రవారమే పొపోకు మొదలైంది.

మొదట గంజి కక్కింది. తర్వాత పచ్చటి నీళ్ళు. శనివారం మధ్యాహ్నానికి తిట్టడం మానేసింది. జబేదాకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే. పెదాలు పగిలి, కళ్ళు గుంటల్లోకి పోయి, గిల్లి వదిలితే చర్మం అలాగే నిలబడిపోయింది. "ఆసుపత్రికి పంపండి పువాన్" అని జబేదా మూడుసార్లు చెప్పింది. ఇన్‌స్పెక్షన్ అయిన వారంలోనే అంబులెన్సు గుమ్మంలోకి వస్తే ఏమంటారోనని పువాన్ ఆదివారం దాకా ఆగింది. సోమవారం తెల్లవారేసరికి ఆసుపత్రిలో పొపో పోయింది. ఇంకో తాత కూడా పోయాడు, ఆయన కోసం మాత్రం ఎవరూ రాలేదు.

ఆ రోజు పక్కబట్టలు ఉతికే దగ్గర జబేదా లెచ్చుమికి అంతా చెప్పింది. లెచ్చుమి చేతిలో దుప్పటి కింద పడేసింది.

"టైమ్ స్లిప్ ఇచ్చాడని పనికొచ్చావా? ఆ చీటీలో ఏముందక్కా? ఈ టైము నుంచి ఈ టైము దాకా ఇక్కడుంది అనే కదా? పనికి పొమ్మని ఎక్కడ రాసుంది?"

"ముద్రుంది కదే."

"ముద్రుంటే? పోస్టాఫీసులో కూడా ముద్రేస్తారు. ఎదురుగా గవర్నమెంటు క్లినిక్ పెట్టుకుని! మా మరిది యూనియన్‌లో తిరుగుతాడు, వాణ్ణడిగాను నేను. జబ్బు చేస్తే సెలవు మన హక్కంట, వీళ్ళు పెట్టే భిక్ష కాదంట. గవర్నమెంటు డాక్టరు చీటీ చెల్లదని చించడానికి ఈవిడెవరంట? ఆ ఉత్తరాలు రెండూ పట్టుకెళ్ళి లేబర్ ఆఫీసులో పడేస్తే వాళ్ళే పిలిపించి అడుగుతారంట."

"ఈ మాట ముందు చెప్పలేదేం?"

"నువ్వు ఫోను చేసినప్పుడు నిద్రమత్తులో ఉన్నానక్కా," అంది లెచ్చుమి. కింద పడ్డ దుప్పటి తీసి నీళ్ళలో ముంచింది.

రోడ్డుకు అవతల ఉన్న బోర్డు జబేదాకు గుర్తొచ్చింది. తను దాన్ని చూసింది. చూసి కూడా బండి తిప్పుకుంది. పువాన్‌ను తిట్టుకుంటే కొంచెం తేలికపడేది, డాక్టర్ని తిట్టుకుంటే ఇంకొంచెం. కాని బండి హ్యాండిలు తిప్పింది తన చేతులే. ఆ చేతులు చూసుకుంటే ఆమెకు అసహ్యం వేసింది. ఆ వారమంతా చెయ్యి వాసన చూసుకోకుండా అన్నం తినలేకపోయింది.

అక్కడితో అయిపోలేదు. గురువారం పొద్దున పువాన్ అందరినీ హాలులోకి పిలిచి, జబేదా ఫోటో గోడకు తగిలించింది. చుట్టూ బంగారు రంగు కాగితం, కింద ‘అంకితభావానికి ఆదర్శం’ అని అక్షరాలు. ఆరోగ్యం బాగాలేకపోయినా డ్యూటీకి వచ్చిన ఆయా అట. అందరూ చప్పట్లు కొట్టారు. వాంతి ఫోటోకు నవ్వు బొమ్మలు పెట్టిన చేతులే అవి. లెచ్చుమి ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడింది. జబేదా తల దించుకుంటే సిగ్గుపడుతోందనుకున్నారు.

మరుసటి వారం పొపో కూతురు వై క్వెన్ వచ్చింది, తల్లి సామాన్లు తీసుకుపోవడానికి. పినాంగ్‌లో బడి పంతులమ్మగా చేసి రిటైరైంది. సన్నగా, పొట్టిగా, అచ్చం పొపోలా ఉంటుంది. తెల్ల చొక్కా భుజానికి సంతాపం గుడ్డముక్క పిన్నుతో గుచ్చుకుని ఉంది. చేతిలో బిస్కట్ల డబ్బా. మీద హలాల్ ముద్ర ఉందో లేదో చూసి మరీ కొన్నట్టుంది, ఆ ముద్ర కనబడేలా పైకి తిప్పి పట్టుకుంది.

పువాన్ ఎదురెళ్ళి, దుఃఖం ముఖాన పులుముకుని, గోడ మీది ఫోటో దగ్గరికే తీసుకొచ్చింది. "ఈమేనండీ, నేను ఫోనులో చెప్పింది. ఒంట్లో బాగాలేదు, సెలవు పెట్టుకోవే అన్నా వినలేదు. నేను రాకపోతే పొపో తినదు పువాన్ అని, తూలుకుంటూ వచ్చింది."

వై క్వెన్ డబ్బా బల్ల మీద పెట్టి, జబేదా రెండు చేతులూ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు.

"నేను కన్నకూతుర్ని. నాకు జలుబు చేసినా ఈ నెల వెళ్ళలేదు, వచ్చే నెల వెళ్దాంలే అనుకునేదాన్ని. నువ్వు రోగంతో కూడా వచ్చావు. మా అమ్మ నోరు మంచిది కాదని నాకు తెలుసు. అయినా అంత ప్రేమగా చూసుకున్నావు. ఈ చేతుల రుణం ఎట్లా తీర్చుకోను చెప్పు?"

ఊరుకుంటే సరిపోయేది. ఏడిస్తే ఇంకా బాగుండేది, పువాన్ అదే ఎదురుచూస్తూ చేతిరుమాలు కూడా తీసి పట్టుకుంది. ఉద్యోగం నిలబడేది, ఫోటో గోడ మీద ఉండేది, బిస్కట్లు పిల్లలు తినేవాళ్ళు. జబేదా గోడ మీది తన ఫోటో వంక చూసింది.

"టీచర్, నా చేతులు వదలండి," అంది.

"ఎందుకమ్మా?"

"నేను మీ అమ్మ కోసం రాలేదు. రాలేనని పొద్దున్నే బతిమాలుకున్నాను. రాకపోతే ఉద్యోగం ఉండదన్నారు. వాంతులూ విరోచనాలతో వచ్చాను. వచ్చాక, పొపో దగ్గర వద్దు, బట్టల దగ్గర వేయమన్నాను. వినలేదు. లిప్‌స్టిక్ పూసి, డైపర్ తొడిగించి, గంజి పెట్టించారు. రెండో రోజుకు ఆమెకు నా జబ్బే వచ్చింది. వాతావరణం కాదు, వయసు కాదు. నాకు ఆ మూడో గదిలోంచి వచ్చింది, నా నుంచి మీ అమ్మకు వెళ్ళింది."

"జబేదా! పిచ్చి గానీ పట్టిందా నీకు?" పువాన్ నవ్వబోయింది. "టీచర్, ఈమె పాపం ఆ రోజు నుంచీ మనసు బాగాలేక..."

వై క్వెన్ చేతులు వదిలేసింది. తన అరచేతులు తిప్పి చూసుకుంది. మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, వేళ్ళ సందులూ గోళ్ళ కిందా రుద్ది రుద్ది కడుక్కుంది. జబేదాకు కోపం రాలేదు. చేతులు తుడుచుకోవడానికి అక్కడ గుడ్డ కూడా లేదు. ఇన్‌స్పెక్షన్ అయిన మర్నాడే తీసేశారు. ఆమె తడిచేతులతోనే వెనక్కి వచ్చింది.

"నీకు అంటుకునే జబ్బని మా అమ్మకు చెప్పావా?"

"చెప్పాను టీచర్."

"ఏమంది?"

"నాకు అంటుకోవడానికి ఇంకేం మిగిలుంది అంది. నోరు తెరిచింది. పెట్టాను."

వై క్వెన్ కళ్ళు మూసుకుంది. తల్లి గొంతు విన్నట్టుంది ఆ మాటలో. కళ్ళు తెరిచాక పువాన్ వంక చూడలేదు, జబేదానే చూసింది. ఆ చూపులో ఇందాకటి తడి లేదు.

"ఇదంతా ఆ లైసెన్సు ఆఫీసులో చెప్తావా? నాతో వచ్చి? ఇప్పుడే?"

"చెప్తాను. ఆఫీసరమ్మ ఆ రోజు నన్నే అడిగింది టీచర్, జబ్బు చేస్తే సెలవు ఇస్తారా అని. ఇస్తారని చెప్పాను. అది అబద్ధమని కూడా చెప్తాను."

"నేను నిన్ను క్షమిస్తాననుకుని చెప్తున్నావేమో. క్షమించను."

"అనుకోవడం లేదు టీచర్."

పువాన్ గుమ్మానికి అడ్డం వచ్చింది. లెటర్ అంది, పోలీసులంది, ఇన్నేళ్ళ ఉప్పు తిని అంది. చివరికి వై క్వెన్ చెయ్యి పట్టుకోబోయింది. వై క్వెన్ ఒక్కసారి వెనక్కి జరిగి, "నన్ను ముట్టుకోకండి" అంది, బడిలో పిల్లలను ఆపే గొంతుతో. పువాన్ పక్కకు తప్పుకుంది.

బయట వాన పడుతోంది. జబేదా కారు ముందు తలుపు దగ్గరికి వెళ్ళింది. "వెనక కూర్చో" అంది వై క్వెన్. జబేదా వెనక కూర్చుంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, దేన్నీ తాకకుండా. జల్లు లోపలికి కొడుతున్నా వై క్వెన్ అద్దాలు నాలుగూ దించేసి బండి తీసింది.